గట్టు జరిపినవాడిదే పంట

కొంతకాలం క్రిందట మా వూళ్లో జరిగిన ఒక చర్చాసభలో అమెరికా రాజకీయాల ప్రసక్తి వచ్చింది. ఉపన్యసించిన మిత్రుడు బాగా చదువుకున్నవాడు. ప్రజల పక్షాన నిలబడాలనే సదుద్దేశం కలవాడు. జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా నగర శివార్లలో వున్న ఆరవ కాంగ్రెసు నియోజకవర్గాన్ని వుదాహరణగా తీసుకొని ఆయన ఇలా వాదించాడు: "న్యూట్ గింగ్రిచ్ వంటి కరడుగట్టిన మితవాదిని ఇరవై యేళ్లు గెలిపించిన నియోజకవర్గమది. అదే నియోజకవర్గం 2018లో లూసీ మెక్‌బాత్ అనే నల్లజాతి మహిళను గెలిపించింది. కారణమేమిటి? చదువు. శివారు మధ్యతరగతి చదువుకున్నది, ఆలోచించింది, మారింది. కనుక అభ్యుదయానికి వాహనం విద్యావంతుడైన మధ్యతరగతి మనిషే." సభలో చప్పట్లు మ్రోగాయి. కొట్టినవారిలో ఎక్కువమంది మన విద్యార్థులు, ఉపాధ్యాయులు.

నేను కొట్టలేదు. మిత్రుడు చెప్పిన తేదీలు తప్పని కాదు. తేదీల మధ్య అతను వదిలివేసిన సంగతి ఒకటున్నది. అది చిన్నదైతే వూరుకొనేవాణ్ణి. కాని ఈ వాదాన్ని నమ్మిన కుర్రవాడు రేపు ఏమనుకుంటాడు? పట్టా పుచ్చుకుంటే చాలు, చరిత్ర దానంతటదే ముందుకు నడుస్తుందనుకుంటాడు. సంఘమెందుకు, పోరాటమెందుకు అంటాడు. పాలకవర్గానికి ఇంతకంటె ఇష్టమైన సిద్ధాంతం వేరే వుండదు. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చింది.

మన పల్లెల్లో పుట్టి పెరిగినవారికి ఒక సంగతి బాగా తెలుసు. బలమున్న రైతు పక్కవాడి చేను దున్నుకోనక్కరలేదు. ఏటా నాగలి సాలు ఒకటి అటు జరిపి, గట్టు కొంచెం కొంచెంగా చెక్కితే చాలు. పదేళ్లలో పొలం తనదవుతుంది. ఆ పైన కరణం లెక్కలో కూడా అట్లాగే యెక్కుతుంది. అప్పుడు పంట ఎవరి చెమటతో పండినా, గట్టు జరిపినవాడి గాదెలోకే చేరుతుంది. అమెరికాలో నియోజకవర్గాల చరిత్ర అంతా ఈ గట్టు చరిత్రే.

అక్కడి ప్రతినిధుల సభలో 435 స్థానాలు. పదేళ్లకొకసారి జనగణన జరగగానే ప్రతి రాష్ట్రమూ తన వంతు స్థానాల హద్దులు తిరగగీస్తుంది. గీసేదెవరు? చాలా రాష్ట్రాల్లో ఆ రాష్ట్ర శాసనసభే. అంటే నిన్న గెలిచినవాడే రేపటి ఓటర్లను యేరుకుంటాడు. 1812లో మాసచూసెట్స్ గవర్నరు ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ సంతకం చేసిన వంకరటింకర నియోజకవర్గం నాటినుంచి ఈ విద్యకు ఆయన పేరుమీదుగా 'జెర్రీమాండరింగ్' అన్న పేరు స్థిరపడింది. రెండు శతాబ్దాలు దాటినా ఆ విద్య పోలేదు. యంత్రగణకం వచ్చిన తరువాత మరింత పదునెక్కింది.

ఇప్పుడు ఆరవ నియోజకవర్గం సంగతి చూద్దాం. 'గింగ్రిచ్‌ను ఇరవై యేళ్లు గెలిపించిన నియోజకవర్గం' అన్నాడు మిత్రుడు. అటువంటి నియోజకవర్గం భూమిమీద లేదు. గింగ్రిచ్ 1974లోనూ 1976లోనూ జాన్ ఫ్లింట్ అనే పాతకాలపు డెమొక్రాటు చేతిలో ఓడాడు. ఫ్లింట్ విరమించుకున్నాక 1978లో గెలిచాడు. నాటి ఆరవ నియోజకవర్గం అట్లాంటాకు దక్షిణాన, పడమట వున్న పట్టణాలూ పల్లెలూ. అతడు చరిత్ర బోధించిన కళాశాల వున్న కారల్టన్ అందులోదే. అంతకు ముందు, 1965 దాకా, ఇదే అంకె కార్ల్ విన్సన్ అనే మిల్లెడ్జ్‌విల్ వాసిది. అది రాష్ట్రం నడిబొడ్డులోని మరో నేల. 1990లో గింగ్రిచ్ కేవలం 974 ఓట్ల తేడాతో బయటపడ్డాడు. మరుసటి యేడు జార్జియా శాసనసభలో ఆధిక్యం వున్న డెమొక్రాట్లు, స్పీకరు టామ్ మర్ఫీ నాయకత్వాన, అతడి పీడ వదిలించుకుందామని పాత నియోజకవర్గాన్ని ముక్కలు చేసి పంచేశారు. ఆరవ అంకెను తీసుకుపోయి అట్లాంటాకు ఉత్తరాన, కాబ్ కౌంటీ ప్రాంతంలోని సంపన్న శివార్లమీద అతికించారు.

గింగ్రిచ్ ఏం చేశాడు? మూటాముల్లె సర్దుకొని మారియెట్టా చేరాడు. 1992లో తన పార్టీలోని ప్రాథమిక ఎన్నికలో 980 ఓట్లతో గట్టెక్కాడు. ఆ తరువాత అతడికి ఆ నేలమీద ఎదురులేకపోయింది. తోకను నరకబోయి పాముకు పుట్ట కట్టించి ఇచ్చారు డెమొక్రాట్లు! 1995 జనవరిలో అతడు సభకు స్పీకరయ్యాడు. ఇక్కడ గమనించవలసింది ఒకటున్నది: గట్టు జరపడంలో ఆ పార్టీ ఈ పార్టీ అని లేదు. నాగలి ఎవరి చేతిలో వుంటే వారు జరిపారు. 2001లో డెమొక్రాట్లు మళ్లీ జరిపారు. 2005లో శాసనసభ రిపబ్లికన్ల చేతికి రాగానే, జనగణన దాకా ఆగకుండా, మధ్యలోనే వాళ్లూ జరిపారు.

మరి ఆ ఉత్తరపు శివార్లు ఎక్కడినుంచి పుట్టాయి? ఇది అసలు ప్రశ్న. మిత్రుడి ఉపన్యాసంలో శివారు అనేది ప్రకృతిసిద్ధంగా మొలిచిన పచ్చికబయలు. నిజానికి అది పారిపోయినవారి శిబిరం. 1961లో అట్లాంటా బడుల్లో తొమ్మండుగురు నల్లజాతి పిల్లలను తెల్లపిల్లల సరసన కూర్చోబెట్టారు. నగరపాలకులు తమది 'ద్వేషించడానికి తీరికలేని నగరం' అని ప్రపంచానికి చాటుకున్నారు. చాటుకుంటూ వుండగానే 1960-70 మధ్య సుమారు 60 వేలమంది, తరువాతి పదేళ్లలో సుమారు లక్షమంది తెల్లవారు నగరం విడిచిపోయారు. నల్లవాడితో కలిసి బడి, ఈతకొలను, బస్సు పంచుకోవడం కంటె వూరు వదలడం మేలనుకున్నారు. 1965లో నగర రవాణా సంస్థ మార్టాలో చేరతారా అని అడిగితే కాబ్ కౌంటీ ఓటర్లు వద్దు పొమ్మన్నారు. రైలు వస్తే దానితోపాటు ఎవరు వస్తారో వారికి తెలుసు.

మన వూళ్లలో వెలి అయినవాడు వూరి బయట వుంటాడు. అక్కడ వెలివేసినవాడే వూరు విడిచి బయటకు పోయాడు. పోతూ పోతూ సిరిని, బడిని, పన్నును తనవెంట పట్టుకుపోయాడు. నడుమనున్న గీత మాత్రం అదే గీత. వూరికీ వాడకూ నడుమ గీత గీసిన దేశంలో పుట్టిన మనకు ఈ సంగతి ఒకరు విప్పి చెప్పవలసిన పనిలేదు.

'స్వయంకృషితో పైకి వచ్చిన మధ్యతరగతి' అన్న మాట కూడా ఒకసారి తూచి చూడవలసినదే. మారియెట్టాలో రెండవ ప్రపంచయుద్ధ కాలాన ప్రభుత్వ ధనంతో బెల్ కంపెనీ బాంబర్ల కర్మాగారం లేచింది. యుద్ధం ముగిశాక మూతబడిన ఆ కర్మాగారాన్ని 1951లో లాక్‌హీడ్ కంపెనీ తెరిచింది. సి-130 రవాణా విమానాలు అక్కడే తయారయ్యాయి. కొన్నది యెవరు? ముఖ్యంగా అమెరికా సైన్యం. శివారుకు పోయే రాచబాటలు కేంద్రప్రభుత్వ ధనంతో పడ్డాయి. ఇళ్ల అప్పులకు 1934 నుంచి కేంద్రప్రభుత్వ గృహసంస్థ హామీ వుండింది. ఆ హామీ దశాబ్దాలపాటు నల్లవారి పేటలకు అందలేదు. ఇంత వడ్డన జరిగిన పంక్తిలో కూర్చొని, 1994లో గింగ్రిచ్ 'అమెరికాతో ఒప్పందం' అని ప్రకటించి, ప్రభుత్వం మితిమీరి పెరిగిపోయిందన్నాడు. 1996లో నిరుపేద తల్లుల సహాయాన్ని కోసే చట్టం చేయించాడు. దానిమీద సంతకం పెట్టినవాడు డెమొక్రాటు అధ్యక్షుడు క్లింటన్. తమ కంచంలో నెయ్యి యెవరు పోశారో మరచిపోయి, పక్కవాడి కంచంలో గంజి మెతుకులు లెక్కపెట్టడమే శివారు రాజనీతి.

1999లో గింగ్రిచ్ తప్పుకున్నాక జానీ ఐజాక్‌సన్, 2005 నుంచి టామ్ ప్రైస్ ఆ స్థానంలో కూర్చున్నారు. ఈ ప్రైస్ వైద్యుడు, ప్రభుత్వ వ్యయానికి పరమశత్రువు. 2017లో ఆరోగ్యమంత్రి అయ్యాడు. ప్రజల సొమ్ముతో అద్దె విమానాల్లో తిరిగినందుకు ఆ యేడు సెప్టెంబరులోనే రాజీనామా చేయవలసి వచ్చింది. ఆ నడుమ 2005లో, ఇదే నియోజకవర్గంలోని శాండీ స్ప్రింగ్స్ వేరే నగరంగా విడిపోయింది. తమ పన్ను తమకే ఖర్చు కావాలన్నది విడిపోయినవారి కోరిక. పోలీసు, అగ్నిమాపకం మినహా నగర పరిపాలనను దాదాపు యావత్తూ ఒక ప్రైవేటు కంపెనీకి గుత్తకిచ్చారు. నగరం విడిచినవారు తరువాత కౌంటీనీ విడిచారన్నమాట. గీత లోపల మరో గీత.

ఇప్పుడు మిత్రుడికి న్యాయం చేయాలి. శివారులో మార్పు రాలేదని నేననను. వచ్చింది. 2012లో రిపబ్లికన్ అభ్యర్థి రోమ్నీకి ఆ నియోజకవర్గం 23 శాతం ఆధిక్యమిస్తే, 2016లో ట్రంపుకు ఒకటిన్నర శాతమే మిగిలింది. 2017 ఉపఎన్నికలో జాన్ ఆసాఫ్ అనే యువకుడు మొదటి విడతలో 48 శాతం తెచ్చుకొని, జూన్‌లో కారెన్ హాండెల్ చేతిలో ఓడాడు. ఆ ఒక్క సీటుకు ఉభయపక్షాలూ కలిసి 5 కోట్ల డాలర్లకు పైగా తగలేశాయి. ప్రతినిధుల సభ చరిత్రలో అప్పటికి అంత ఖరీదైన ఎన్నిక లేదు. పోలైన ఓట్లు సుమారు రెండు లక్షల 60 వేలు. ఓటుకు ఇన్ని వందల డాలర్లు లెక్కన నడిచే దాన్ని చదువుకున్నవారి ఆలోచన అనడం నాకు సాధ్యం కాదు. మరుసటి యేడు మెక్‌బాత్ నిలబడింది. 2012లో ఆమె పదిహేడేళ్ల కొడుకును, ఫ్లోరిడాలోని ఒక పెట్రోలు బంకు వద్ద, కారులో పాట బిగ్గరగా పెట్టారన్న తగువుమీద ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. ఆ కడుపుకోత ఆమెను తుపాకుల చట్టాల మార్పుకోసం వీధిలోకి తెచ్చింది. 2018లో సుమారు ఒక శాతం తేడాతోనూ, 2020లో తొమ్మిది శాతం తేడాతోనూ ఆమె హాండెల్‌ను ఓడించింది.

ఇది చదువు గెలుపా? ఆ నియోజకవర్గంలో డిగ్రీలున్నవారు 1994లోనూ విశేషంగానే వున్నారు. అదే చదువు నాడు గింగ్రిచ్‌కు ఓటు వేసింది. మధ్యలో మారినవి వేరే వున్నాయి. ఆ శివార్లకు నల్లవారు వచ్చారు, లాటిన్ అమెరికా కార్మికులు వచ్చారు, ఆసియావారు వచ్చారు. ఓటరు జాబితాలో పేరు లేనివారి గుమ్మం తట్టి పేరు వ్రాయించిన సంఘాలు యేళ్ల తరబడి పనిచేశాయి. తెల్ల మధ్యతరగతిలో ఒక భాగం ట్రంపు మోటుతనం సహించలేక ఇవతలికి జరిగింది. నిజమే. కాని ఆ జరిగినవారు పన్నులు, బడులు, రైలు విషయంలో ఎంత దూరం జరిగారు? 2019లో పక్కనున్న గ్విన్నెట్ కౌంటీలో మార్టాలో చేరే ప్రతిపాదన మళ్లీ ఓడింది. ట్రంపు వద్దన్న శివారు, రైలు కూడా వద్దన్నది.

అసలు కథ ఇకముందున్నది. 2020లో బైడెన్ జార్జియాను 11,779 ఓట్లతో గెలిచాడు. రాష్ట్రంలోని 14 కాంగ్రెసు స్థానాల్లో రిపబ్లికన్లకు 8, డెమొక్రాట్లకు 6 వచ్చాయి. ఓటర్లు మారారు కదా? సరే, అయితే ఓటర్లను మారుద్దామన్నది శాసనసభ. 2021లో ఆరవ నియోజకవర్గాన్ని ఉత్తరానికి సాగదీసి, ఫోర్సైత్, డాసన్ కౌంటీలు కలిపారు. మెక్‌బాత్‌కు అక్కడ నిలువనీడ లేకుండాపోయింది. ఆమె పక్కనున్న ఏడవ నియోజకవర్గానికి పోయి, తన పార్టీకే చెందిన సభ్యురాలు కరోలిన్ బోర్డోతో పోటీపడి నెగ్గవలసి వచ్చింది. ఆరవదానిలో 2022లో రిపబ్లికన్ రిచ్ మెకార్మిక్ సునాయాసంగా గెలిచాడు. లెక్క 9, 5 అయింది.

2023 అక్టోబరులో కేంద్రప్రభుత్వ జిల్లా న్యాయమూర్తి స్టీవ్ జోన్స్ ఈ హద్దులు 1965 నాటి ఓటుహక్కు చట్టానికి విరుద్ధమనీ, అట్లాంటాకు పడమట నల్లజాతివారు అధిక సంఖ్యలో వుండే మరో నియోజకవర్గం యేర్పరచాలనీ తీర్పు చెప్పాడు. డిసెంబరులో శాసనసభ తలవంచింది. వంచి ఏం చేసింది? ఆరవ అంకెను ఉత్తరాన్నుంచి పెరికి పడమటి శివార్లమీద పెట్టి అడిగిన నియోజకవర్గం ఇచ్చింది. అదే చేత్తో, నల్లవారూ లాటినోలూ ఆసియావారూ కలిసి గెలుచుకుంటున్న ఏడవ నియోజకవర్గాన్ని పగులగొట్టింది. కొత్త హద్దులను కోర్టు అంగీకరించింది. 2024లో మెక్‌బాత్ మళ్లీ 'ఆరవ' సభ్యురాలైంది, మెకార్మిక్ 'ఏడవ' సభ్యుడయ్యాడు. లెక్క? అదే 9, అదే 5. ఒక చేత్తో పెట్టిన ముద్ద రెండవ చేత్తో తీసుకున్నారు; కంచంలో ఎప్పుడూ అంతే మెతుకులు.

నా వద్ద చదువుకున్న కుర్రవాడొకడు ఆ ఫోర్సైత్ కౌంటీలోనే స్థిరపడ్డాడు. పౌరసత్వం వచ్చింది, ఇల్లు కొన్నాడు, ఓటున్నది. 2020 జనగణన నాటికి ఆ కౌంటీ జనాభా రెండున్నర లక్షలు. అందులో ఆసియావారు సుమారు 18 శాతం. మనవాళ్లు కమింగ్, ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్ ప్రాంతాల్లో గుళ్లు, సంఘాలు, బతుకమ్మలు, సంక్రాంతులు నిలబెట్టుకున్నారు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు అతను నవ్వుతూ చెప్పాడు: "మాస్టారూ, మా ఇల్లు అంగుళం కదల్లేదండీ. 2020లో ఏడో నియోజకవర్గంలో ఓటు వేశాను. 2022లో మీది ఆరు అన్నారు. 2024లో మళ్లీ ఏడన్నారు." నేనడిగాను: "ఆ నేలమీద నీకంటె ముందు ఎవరుండేవారో తెలుసునా?" "అడవి అనుకుంటానండీ" అన్నాడు.

అడవి కాదు. 1910 జనగణనలో ఆ కౌంటీలో 1,098 మంది నల్లజాతివారు వున్నారు. పొలాలున్నవారు, చర్చీలు కట్టుకున్నవారు. 1912 శరత్కాలంలో ఒక తెల్లపిల్లపై అత్యాచారం, హత్య జరిగాయన్న ఆరోపణమీద ఒక నల్లవాణ్ణి గుంపు చంపింది. ఇద్దరు కుర్రవాళ్లను విచారణ తంతు జరిపి వురితీశారు. పిమ్మట రాత్రివేళ గుర్రాలమీద వచ్చి, ఇళ్లు తగలబెట్టి, దాదాపు మొత్తం నల్లజాతి జనాన్ని కౌంటీ దాటించారు. వదిలిపోయిన భూముల్లో పెక్కు పైసా చెల్లించకుండానే పొరుగువారి పేరున యెక్కాయి. 1987 జనవరిలో హోసియా విలియమ్స్ నడిపిన చిన్న ఊరేగింపుమీద అక్కడ రాళ్లు పడ్డాయి. వారం తిరిగేసరికి 20 వేలమంది వచ్చి నడిచారు. ఈ సంగతులు విన్నాక నా శిష్యుడు చాలాసేపు మాట్లాడలేదు. అతని తప్పేమీ లేదు. అతనికి ఇల్లు అమ్మినవారెవరూ చెప్పివుండరు. కాని 'ఇక్కడ బడులు మంచివి, వాతావరణం ప్రశాంతం' అని మనం మురిసిపోయే చోట, ఆ ప్రశాంతత ఎవరి ఇల్లు కాలితే వచ్చిందో అడగకపోవడం మాత్రం మన తప్పే.

'అయితే ఓటు దండగ అంటారా?' అని అడగవచ్చు. అనను. 'మనిషికొక ఓటు, ఓటుకొకే విలువ' అన్న సూత్రం అమెరికా కాంగ్రెసు ఎన్నికలకు వర్తించింది ఈ అట్లాంటా వ్యాజ్యంతోనే. నాడు నగరం వున్న అయిదవ నియోజకవర్గంలో 8,23,680 మంది జనం. ఉత్తర కొండల్లోని తొమ్మిదవదానిలో 2,72,154 మంది. ఇద్దరికీ చెరొక ప్రతినిధి. 1964లో వెస్‌బెర్రీ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఇది చెల్లదన్నది. మరుసటి యేడు సెల్మా వంతెనమీద లాఠీదెబ్బలు తిన్నవారి మూలంగా ఓటుహక్కు చట్టం వచ్చింది. మెక్‌బాత్ గెలుపును, 2023 తీర్పును సాధ్యం చేసింది ఆ చట్టమే. అదే కోర్టు 2013లో ఆ చట్టం కోరలు పీకింది. పార్టీ లాభం కోసం హద్దులు జరిపితే ఆ తగువు కేంద్రప్రభుత్వ కోర్టులు వినవని 2019లో చేతులు దులుపుకున్నది. పోరాడి గెలిచిన ప్రతి హక్కుకూ కాపలా కాయవలసి వుంటుంది. ఆ కాపలా పని ఏ విశ్వవిద్యాలయమూ తన పట్టాతోపాటు ఇవ్వదు.

ఇది మనకెందుకనేవారికి ఒక్క మాట. హైదరాబాదు శివార్లలోని మల్కాజిగిరి లోక్‌సభ నియోజకవర్గంలో 2019లో 31 లక్షలకు పైగా ఓటర్లు. అదే తెలంగాణలోని మహబూబాబాదులో అందులో సగం కూడా లేరు. మన స్థానాల పంపకం 1976 నుంచి స్తంభించివున్నది. 2026 తరువాతి మొదటి జనగణన దాకా ఆ స్తంభన సాగాలని 2001లో 84వ రాజ్యాంగ సవరణ చేశారు. ఆ గడువు తీరేనాడు మన గట్టు మీదికీ నాగళ్లు వస్తాయి. అప్పుడు ఉత్తరమా దక్షిణమా అన్న లెక్క ఒక్కటే సరిపోదు. నగరపు అంచున గుడిసె వేసుకున్న కూలీ ఏ గీతకు ఏ వైపున పడ్డాడో, దళితవాడ ఎన్ని ముక్కలైందో, ఆ గీత గీసినవారెవరో అడగాలి. తీరుబడిగా తరువాత కాదు, కొలత గొలుసు నేలమీద పడుతున్నప్పుడే అడగాలి.

మిత్రుడు మళ్లీ వేదిక యెక్కితే నేనడిగేది ఇంతే: చదువుకున్న మధ్యతరగతి మారిందన్నావు, సంతోషం. అది మారగానే గట్టు జరిపారే, అప్పుడా మధ్యతరగతి ఏం చేసింది? గట్టుమీదికి పోయి నిలబడిందా, లేక తనకొచ్చిన కొత్త అంకె చూసుకొని ఇంట్లో కూర్చున్నదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాకనే అభ్యుదయానికి వాహనమెవరో తేలుద్దాం. చప్పట్లు అప్పుడు కొడదాం.